పేరులేని మొక్క

కొన్నేండ్ల క్రిందట ఒక వేసవిలో మా కళాశాల విద్యార్థులను పదిమందిని వెంటబెట్టుకొని భద్రాచలము అడవి అంచున ఉన్న ఒక కోయగూడెమునకు వెళ్ళితిని. నేను తెలుగు చెప్పుకొని బ్రతుకువాడను. నా పని మాటలతోనే గాని మొక్కలతో కాదు. ఆ ప్రాంతమువారు చెట్టుచేమలను ఏయే పేర్లతో పిలుచుకొందురో విని పట్టికగా వ్రాసికొనవలెనని నా సంకల్పము. తెల్లవారకముందే ఇప్పపువ్వు ఏరుటకు బయలుదేరిన ఒక అవ్వ మాకు ఆనాటికి గురువైనది.

ఆమె నడచుచునే పేర్లు చెప్పినది. తునికి, మోదుగు, నల్లమద్ది, పాలకొడిశ, చిల్ల, కరక. ఏ చెట్టు ఎదుటను ఆమె తడబడలేదు. పేరుతో పాటు దాని ఉపయోగమును చెప్పినది: ఈ ఆకు విస్తళ్ళకు, ఈ కాయ దగ్గుకు, ఈ గింజ బురదనీటిని తేర్చుటకు. కాని బాట ప్రక్కన మోకాలెత్తున గుబురుగా పెరిగిన ఒక మొక్కకడ ఆమె మాట ఆగినది.

“అవ్వా, దీనినేమందురు?” అని అడిగితిని.

“దీనికి పేరు లేదు సారూ. మా అమ్మ ఉన్ననాడు ఇది లేదు. రోడ్డు పడ్డంక వచ్చింది. మేకలు కూడ మూతి పెట్టవు” అనినది.

నా పుస్తకములో ఆ మొక్కకు ఎదురుగా ఒక గడి ఖాళీగా విడిచితిని. రెమ్మనొకదానిని తుంచి సంచిలో వేసికొంటిని. ఖమ్మము చేరునప్పటికి అది నలిగి పొడి అయినది. పువ్వు లేదు, కాయ లేదు; అక్కడ నిలిచి ఒక బొమ్మయైనను తీసికొనలేదు. మా కళాశాలలోని వృక్షశాస్త్ర మిత్రులు ఆ పొడిని అరచేత పోసికొని నవ్వి, “మాస్టారూ, దీనిని మరగబెట్టుకొని త్రాగవచ్చునేమో గాని గుర్తుపట్టుట నా తరము కాదు” అనినారు. ఆ గడి నేటికిని ఖాళీగానే ఉన్నది.

తరువాత ఆలోచింపగా తెలిసినది. ఆ అవ్వ ఒక్క ఊపిరిలో నాలుగు సంగతులు చెప్పినది. ఈ మొక్క కొత్తది. ఇది ఒక తరము లోపల వచ్చినది. బాట వెంట వచ్చినది. పశువులు దీనిని ముట్టవు. పరాయి జాతుల రాకను తొలిదశలోనే కనిపెట్టుటకు శాస్త్రజ్ఞులు కోరు వివరములు ఇవియే. ఆమె చెప్పవలసినది చెప్పినది. వినినవాడను నేను. చేరవలసిన చోటికి ఆ మాటను చేర్చకపోయినవాడను కూడ నేనే.

భాషా బోధకుడను గనుక ఈ విషయమును పేర్ల వైపునుండి చూచెదను. ఒక వస్తువునకు పేరు ఎప్పుడు పుట్టును? అది పదిమంది కంట పడి, పదిమంది నోట నలిగిన తరువాత. కనుక పేరు ఎల్లప్పుడును ఆలస్యముగా వచ్చు సాక్షి. మన తెలుగులో పరాయి మొక్కల పేర్లను వరుసగా పెట్టి చూచినచో ఇది స్పష్టమగును.

సర్కారు తుమ్మను తీసికొనుడు. దీని పుట్టిల్లు అమెరికా ఖండము. 1877లో జమైకా ద్వీపమునుండి తెప్పించిన విత్తనములను కడప జిల్లా కమలాపురములో నాటినారు. వంటచెరకు కొరత తీరునని, బీడుభూములు పచ్చబడునని ఆనాటి అటవీ అధికారుల ఆశ. ఆశ కొంత తీరినది; పేదల పొయ్యి క్రింద ఆ కట్టె మండినది. కాని చెట్టు నాటినచోటనే నిలువలేదు. చెరువుగట్లు, వాగులు, పశువుల బీళ్ళు ఆక్రమించినది. సర్కారు నాటినది గనుక సర్కారు తుమ్మ. ఊరివారు ఆ పేరు పెట్టునప్పటికే దానిని పెకలించుట సర్కారు తరము కూడ కాకపోయినది.

గుర్రపుడెక్క కథయు ఇట్టిదే. దక్షిణ అమెరికా నదులలోని ఈ నీటిమొక్కను పంతొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున వంగదేశమునకు తెచ్చినవారు దాని ఊదారంగు పువ్వులకు మురిసి తెచ్చినారు. నలుబదేండ్లు తిరుగునప్పటికి అది అక్కడి పంటకాలువలను, పడవదారులను మూసివేయగా 1936లో దానిని తొలగించుటకై ప్రత్యేకముగా ఒక చట్టమే చేయవలసి వచ్చినది. చట్టము చేసి తొంబదేండ్లగుచున్నది. మన చెరువులలో గుర్రపుడెక్క ఇంకను తేలియాడుచునే ఉన్నది.

వయ్యారిభామ అను పేరు పెట్టినవారెవరో గాని రసికులు. 1955లో పూనా నగరములో చెత్తకుప్పలపై ఈ మొక్క కనబడగా, భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థకు చెందిన ఆర్. ఎస్. రావుగారు మరుసటి ఏట దానిని పత్రికలో ప్రకటించినారు. అమెరికానుండి దిగుమతియైన గోధుమలతో దీని విత్తనములు వచ్చెనని పలువురి అభిప్రాయము. ఆనాడు అది చెత్తకుప్పల మీది మొక్క. ఒక్కొక్క మొక్క పదివేలకు పైగా విత్తనములను రాల్చగలదు. నేడు దానిని చూడని తెలుగు పల్లె లేదు. దాని పుప్పొడి వలన దురదతో, ఉబ్బసముతో బాధపడువారు ప్రతి ఊరను ఉన్నారు. దానిని తినునట్టి పెంకుపురుగును 1983లో మెక్సికోనుండి తెప్పించి విడిచినారు. పురుగు తినుచున్నది, మొక్క పెరుగుచున్నది.

ఇక మన అడవికి అన్నిటికంటె బరువైనది తలంబ్రాల మొక్క. కొందరు పులికంప అందురు. ఎరుపు, పసుపు, గులాబి రంగుల చిన్న చిన్న పువ్వులు గుత్తిగా పూయును గనుక తలంబ్రాలు గుర్తుకు వచ్చినవి కాబోలు. ప్రతి శ్రీరామనవమికి తలంబ్రాల గింజకొరకు చేతులు చాచు భద్రాచల ప్రాంతములో ఇంత శుభమైన పేరును ఇంత చెరుపు చేయు మొక్క మోయుట విచిత్రము. 1809లో కలకత్తా తోటకు అలంకారముగా వచ్చినది. 2020లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారము మన దేశములో పులులు సంచరించు అడవులలో 1,54,000 చదరపు కిలోమీటర్ల మేర ఇది వ్యాపించి ఉన్నది. దాని పొదక్రింద గడ్డి మొలవదు. గడ్డి లేనిచోట జింక నిలువదు. పశువుల కాపరికి మేత దొరకదు. తునికాకు కోయు స్త్రీలకు, ఇప్పపువ్వు ఏరువారికి అడుగు పెట్టుటకు చోటు ఉండదు.

నాలుగు పేర్లు చెప్పితిని. నాలుగును చక్కని తెలుగు పేర్లే. నాలిగింటికిని పేరు స్థిరపడునప్పటికి కాలము మించిపోయినది. కనుక నా మనవి ఇది: పేరున్న శత్రువుతో పోరాడుటకు వేరుగా పెద్దలున్నారు. మనవంటివారు, ముఖ్యముగా అడవి అంచున ఉన్న పాఠశాలల ఉపాధ్యాయులు, విద్యార్థులు కనిపెట్టవలసినది ఇంకను పేరు లేని దానిని.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలెను. పరాయిదియైనంత మాత్రమున ఏదియు దోషి కాదు. ఖమ్మము బజారుకు ఖ్యాతి తెచ్చిన మిరప మన దేశపు పంట కాదు. పోర్చుగీసువారి ఓడలతో వచ్చినది. మొక్కజొన్న, బొప్పాయి, జీడిమామిడి, వేరుసెనగ అన్నియు సముద్రము దాటి వచ్చిన అతిథులే. 2023లో వెలువడిన ఒక అంతర్జాతీయ నివేదిక ప్రకారము మానవుని వెంట క్రొత్త చోట్లకు చేరి స్థిరపడిన జాతులు 37,000 పైచిలుకు. వానిలో హాని చేయుచున్నట్లు రుజువైనవి 3,500 పైచిలుకు. అనగా పదింట ఒకటి. పుట్టినచోట దానిని తినువి, దానికి తెగులు కలిగించునవి ఉండును. ఆ పగవారినందరిని వెనుక విడిచి ఒంటరిగా వచ్చిన జాతికి ఇక్కడ అడ్డు లేదు. అతిథి పెట్టినది తిని అరుగుమీద కూర్చుండును. ఆక్రమించువాడు ఇల్లు తనదనును. ఎవరు ఎట్టివారో మొదటిరోజున తెలియదు. అందుచేతనే వచ్చిన ప్రతి క్రొత్తముఖమును గుర్తుంచుకొనుట అవసరము.

మొక్కల సంగతి ఒక తరమునకు గాని తెలియదు. పురుగుల సంగతి ఒక్క పంటకాలములో తెలియును. 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతమున మొక్కజొన్నపై ఒక క్రొత్త పురుగును అక్కడి శాస్త్రజ్ఞులు గుర్తించినారు. అమెరికా ఖండమునుండి 2016లో ఆఫ్రికాకు, అక్కడనుండి మన దేశమునకు వచ్చిన ఈ పురుగు ఆ సంవత్సరము ముగియకముందే తెలుగు రాష్ట్రములను చుట్టినది. దాని రెక్కల పురుగు ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్లు ఎగురగలదు. మనవారు దానికి కత్తెర పురుగు అని పేరు పెట్టినారు. తలపై తిరగవేసిన ఇంగ్లీషు వై అక్షరము, తోకకు దగ్గరగా చతురముగా అమరిన నాలుగు నల్లచుక్కలు దాని గుర్తులు. ఈ రెండు గుర్తులను ఆరవ తరగతి బాలుడు కూడ చూడగలడు.

మిరప కథ ఇంతకంటె బాధాకరమైనది; అందు నా పాత్రయు కొంత ఉన్నది. ఆగ్నేయాసియాకు చెందిన ఒక తామరపురుగు మన దేశములో ఉన్నట్లు మొదట 2015లో బెంగుళూరులో బొప్పాయి మీద గుర్తించినారు. ఆరేండ్లు అది పెద్దగా ఎవరి దృష్టిలోను పడలేదు. 2021 ఆరంభములో గుంటూరు జిల్లాలోని మిరప తోటలలో కనబడినది. ఆ ఏడు చలికాలము వచ్చునప్పటికి గుంటూరు, ఖమ్మము, వరంగల్లు ప్రాంతముల మిరపను పూతలోనే చంపినది. మన రైతులకు పాత తామరపురుగు తెలిసినదే. అది ఆకు అడుగున చేరి రసము పీల్చగా ఆకు పైకి ముడుచుకొనును. ఈ క్రొత్తది నల్లనిది. పూవు లోపల గుంపుగా చేరును. పూత రాలును, పిందె కట్టదు. పాత పురుగునకు పాత మందు కొట్టుచు ఎందరో రైతులు వారములు పోగొట్టుకొన్నారు.

ఆ శరత్కాలములో మా తరగతిలోని ఒక బాలుడు పాఠము ముగిసిన తరువాత కాగితపు పొట్లము ఒకటి నా బల్లపై పెట్టినాడు. విప్పిచూడగా నాలుగు మిరపపూలు. వానిలో నలుసులవలె కదలుచున్న నల్లని పురుగులు.

“సార్, మా నాన్న ఇట్లాంటి తామర ఎన్నడూ చూడలేదంటున్నాడు. ఎవరికి చూపించాలి?” అని అడిగినాడు.

“నాయనా, ఇది నా విషయము కాదు. మందుల దుకాణములో అడుగుము” అంటిని.

దుకాణమువాడు మూడు మందులు కలిపి ఇచ్చెనట. కౌలుకు తీసికొన్న రెండెకరముల తోటను సంక్రాంతికి ముందే దున్నివేసినారు. ఆనాడు ఆ పొట్లమును నేను తగిన చోటికి చేర్చి ఉన్నచో వారి తోట దక్కెడిదని చెప్పను; అప్పటికే ముప్పు విస్తరించినది. కాని “మా నాన్న ఎన్నడూ చూడలేదు” అను మాట ఎంత విలువైనదో నేను తెలిసికొననైతిని. ముప్పదియేండ్లు మిరప పండించిన మనిషి ఎన్నడును చూడలేదనినచో అది సాక్ష్యము. దానిని నా విషయము కాదని త్రోసివేసితిని.

సరియైన వేళకు గుర్తించినచో మేలు కలుగునా అని సందేహింపవలదు. 2008లో కోయంబత్తూరు వద్ద బొప్పాయి పిండినల్లిని గుర్తించినారు. అది ఏ జాతియో నిశ్చయముగా తెలిసినందున దాని సహజశత్రువైన ఒక చిన్న పరాన్నజీవిని 2010లో ప్యూర్టోరికోనుండి తెప్పించి విడిచినారు, పిండినల్లి అణగినది. ఇతర దేశములలో సామాన్యుల కన్నే మొదటి కాపరియైన ఉదాహరణలు కూడ ఉన్నవి. 1998లో చికాగో నగరములో ఒక పౌరుడు పొడవైన మీసములుగల వింత పెంకుపురుగును చూచి అధికారులకు తెలిపినాడు. చైనానుండి సరకులపెట్టెల కొయ్యలో దాగి వచ్చిన ఆ పురుగు చెట్టు బోదెను లోపలినుండి తొలుచునది. వేయికి మించిన చెట్లను నరికి, పదేండ్లు గాలించి, 2008లో ఆ నగరమును దానినుండి విముక్తము చేసినారు. వాషింగ్టన్ రాష్ట్రములో 2019లో ఒక ఇంటివారు చూచి తెలిపిన ఆసియా పెద్ద కందిరీగను, ప్రజలు పంపిన సమాచారముల తోడ్పాటుతో గూళ్ళు వెదకి తొలగించి, 2024 డిసెంబరులో నిర్మూలించినట్లు ప్రకటించినారు. తేనెటీగల పట్టులకు అది యమదూత. మొదట చూచినవారు శాస్త్రజ్ఞులు కారు. చూచినదానిని తమలో దాచుకొనక చెప్పిన గృహస్థులు.

మన ఖమ్మము, భద్రాచలముల నడిమి అడవి అంచునకు ఇట్టి కాపరుల అవసరము ఎక్కువ. ఇది రెండు లోకముల పొలిమేర. ఒకవైపు మిరప, మొక్కజొన్న, పత్తి, ఆయిల్‌పామ్ తోటలు. మరియొకవైపు 635 చదరపు కిలోమీటర్ల కిన్నెరసాని అభయారణ్యము, దానిని ఆనుకొని పాపికొండల వైపు సాగిపోవు వనములు. నారు, ఎరువు, పశువుల మేత, ఇసుక, కంకర మోయు లారీలు ఈ దారులనే పోవును. వాని చక్రముల బురదలో ఏ విత్తనమున్నదో ఎవరు చూచినారు? గోదావరి తల్లియు అప్పుడప్పుడు తెచ్చి ఇచ్చును. 2022 జూలై 16న భద్రాచలము వద్ద నీటిమట్టము 71.3 అడుగులకు చేరినది. వరద తీసిన తరువాత ఒండ్రుమట్టిలో మొలిచినదానిని మొదట చూచువారు ఎవరు? ఆ లంకలలో దున్నువారు, ఆ గట్లమీదుగా బడికి నడచు పిల్లలు.

పైగా ఇది గీతలు మారిన పొలిమేర. 1959 వరకు భద్రాచలము తూర్పు గోదావరి జిల్లాలో ఉండెను. తరువాత ఖమ్మములో చేరినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది. 2014లో చింతూరు, కూనవరము మొదలగు మండలములు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. ఆవల ఛత్తీస్‌గఢ్. మొక్కకు ఈ గీతలు తెలియవు. చింతూరులో చూచినవాడు ఒక ప్రభుత్వమునకు, భద్రాచలములో చూచినవాడు మరియొక ప్రభుత్వమునకు చెప్పుకొనును. లేదా ఇద్దరును మిన్నకుందురు. కాని సంతరోజున ఈ మూడు రాష్ట్రముల కోయలును ఒకే చెట్టు నీడన కూర్చుండి మాటలాడుకొందురు. సమాచారము అక్కడ ఎప్పుడో కలిసినది. దానిని కాగితముపై పెట్టువాడు కావలెను.

ఆ పని బడిపంతులు చేయగలడు. ప్రతి పాఠశాలలో ఒక నోటుపుస్తకము చాలును. దానికి కొత్తవాటి పుస్తకమని పేరు పెట్టుకొనవచ్చును. ఏది చూచినారు, ఏ తేదీన, ఏ వాగు ఒడ్డున లేక ఏ రైతు చేనిలో, ఎన్ని ఉన్నవి, ఏ పంటపై లేక ఏ చెట్టుక్రింద, ఊరి పెద్దలు దానిని మునుపు ఎరుగుదురా, ఎరిగినచో ఎప్పటినుండి: ఇంతే వ్రాయవలసినది. ఫోను ఉన్నచో బొమ్మలు తీయవలెను. మొక్క మొత్తము ఒకటి, ఆకు రెండువైపుల, పువ్వు, కాయ. ప్రక్కన ఒక రూపాయి బిళ్ళనో కొలబద్దనో ఉంచినచో పరిమాణము తెలియును. పెద్దల నడుగుట మరువరాదు. “ఇది మీ చిన్ననాడు ఉండెనా?” అను ఒక్క ప్రశ్న ఏ యంత్రమును అడుగలేనిది.

చేయరానివి కూడ ఉన్నవి. క్రొత్త మొక్కను వేళ్ళతో, గింజలతో ఇంటికి మోసికొని పోరాదు. చూపుటకై తీసికొనిపోయి మనమే చల్లినవారమగుదుము. పురుగును ప్రాణముతో మరియొక ఊరికి తీసికొనిపోరాదు. నిజము తెలియకముందే తగులబెట్టుట, విషము చల్లుట తగదు. అమాయకమైన మన అడవి జాతి ఏదో క్రొత్తదిగా కనబడి బలియగును.

ఎవరికి చెప్పవలెను? పంటమీది పురుగైనచో మండల వ్యవసాయాధికారికి, వైరా, కొత్తగూడెములలోని కృషి విజ్ఞాన కేంద్రములకు, అశ్వారావుపేట వ్యవసాయ కళాశాలకు చెప్పవచ్చును. అడవిలోని మొక్కయైనచో అటవీశాఖ బీటు అధికారికి. బొమ్మను పంపి చీడను గుర్తించుటకై కేంద్ర ప్రభుత్వము జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థను 2024 ఆగస్టు 15న ఆరంభించినది. దగ్గరలోని కళాశాలలో వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర అధ్యాపకులున్నారు. వారికి ఇట్టి ప్రశ్న తెచ్చు విద్యార్థి కంటె ప్రియమైన అతిథి ఉండడు. ఆ శాస్త్రము తెలియని అధ్యాపకుని వద్దకు వచ్చినను, తెలిసినవారి గుమ్మము దాక తోడు నడచుట ఆ అధ్యాపకుని విధి. ఈ మాటను నాకు నేనే చెప్పుకొనుచున్నాను.

తొందరపడి చెప్పితిమేమో, నవ్విపోదురేమో అని బాలురకు సంకోచము కలుగును. నవ్వినను నష్టము లేదు. చెప్పిన పదింటిలో తొమ్మిది పాతవే కావచ్చును. ఆ తొమ్మిదింటి వలన ఆ బాలుడు తొమ్మిది జాతులను నేర్చుకొన్నాడు. పదవదాని వలన ఒక మండలము పంట నిలువవచ్చును. ఒక్క మొక్కగా ఉన్ననాడు దానిని చిన్నపిల్ల చేత్తో పెరికివేయగలదు. కొండంత పెరిగిననాడు శాఖలు, నిధులు, చట్టములు కలిసినను పెరుకలేవు. ఈ రెండు దినముల నడుమనున్న వ్యవధి ఎంతో ఎవరును ముందుగా చెప్పలేరు. ఆ వ్యవధిలో ఎవరో ఒకరు నోరు విప్పవలెను.

ఆ మిరపపూల బాలుడు డిగ్రీ ముగించి ఊరిలోనే ఉన్నాడు. తండ్రితో కలిసి మరల మిరపే వేయుచున్నాడు. చేనిలో క్రొత్తది ఏది కనబడినను బొమ్మ తీసి నాకు పంపుచుండును. నాకు దాని గుణము తెలియదు. తెలిసినవారికి ఆ రోజుననే చేర్చెదను. ఇంతవరకు పంపినవన్నియు పాతవే. “ఇది కూడ పాతదే నాయనా” అని చెప్పునప్పుడు నాకు కలుగు సంతోషము ఇంతయని చెప్పలేను.

ఈ వేసవిలో మరల ఆ గూడెమునకు పోవలెనని ఉన్నది. అవ్వ ఉన్నదో లేదో తెలియదు. ఆ మొక్క మాత్రము ఉండియే ఉండును. దానికి ఈపాటికి ఊరివారు ఏదైన పేరు పెట్టి ఉందురేమో అని నాకు భయము. పెట్టియున్నచో నా పుస్తకములోని ఖాళీ గడి నిండును. తెలుగుమాటలు సేకరించువాడనయ్యు, ఆ గడి అట్లే ఉండిపోవలెనని కోరుకొనుచున్నాను.